నెత్తురు నడచు త్రోవ



గతమాసమున ఈ శీర్షిక క్రింద నేనేమియు వ్రాయలేకపోతిని. అందుకు క్షమింప వేడుచు, ఆ కారణమునే ఈ మాసపు విషయముగా చేయుచున్నాను.

ఒకనాటి యుదయమున మా అత్తగారు వంటింటి గడపకడ కూర్చుండి చిక్కుడుకాయలకు ఈనెలు తీయుచుండిరి. కుడిచేతిలోని కాయ జాఱి పళ్లెములో పడినది. మరల తీయబోయిరి, వ్రేళ్లు ముడుచుకొనలేదు. "అమ్మాయీ, ఈ చెయ్యి నాది కానట్టుందే" అనిరి. ఆ మాటయు నోట ముద్ద యున్నట్లు వచ్చెను. నేను చేతిలోని పని విడిచి వచ్చి పట్టుకొంటిని. పదినిమిషములు గడచునప్పటికి చేయి స్వాధీనమునకు వచ్చెను, మాటయు తేటపడెను. "తిమ్మిరెక్కింది, అంతే. నువ్వు కంగారుపడి వాణ్ణి కంగారుపెట్టకు" అని పళ్లెమును మరల దగ్గఱకు లాగికొనిరి.

ఆ "వాడు" మా వారు. బడిలో నుండిరి. అత్తగారు వద్దన్నను నేను ఫోను చేసితిని. గంటలోపల కారు మాటాడుకొని పట్టణమునకు కొనిపోయితిమి. అచ్చటి డాక్టరుగారు చెప్పిన మొదటి మాటను మీరందఱును జ్ఞాపకముంచుకొనవలెనని వేడుచున్నాను. చేయి పడిపోయి మరల వచ్చుట, మాట తడబడి మరల సరియగుట, ముఖము ఒకవైపు వ్రాలి మరల నిలుచుట తిమ్మిరి కాదు. మెదడునకు పోవు నెత్తురు కొంతసేపు ఆగి మరల సాగినదనుటకు గుర్తు. తరువాతి రెండు మూడు దినములే మిక్కిలి గండము. తగ్గినది గదా యని ఇంట కూర్చుండరాదు. తడవు చేయక పోవలెను.

మెడకు అల్ట్రాసౌండు పరీక్ష చేసిరి. ఎడమవైపు కంఠధమని రెండు శాఖలుగా చీలుచోట క్రొవ్వుతో కూడిన గార పట్టియున్నదనియు, త్రోవ సగమునకు తక్కువగనే మూసికొన్నది కావున కోత యక్కఱలేదనియు, మందులతో నిలుపవచ్చుననియు చెప్పిరి. నెత్తురు గడ్డకట్టకుండుటకు ఒకటి, కొలెస్టరాలునకు ఒకటి, రక్తపుపోటునకు ఒకటి మాత్రలు వ్రాసి యిచ్చిరి. నాలుగు దినములు తమ కనుసన్నల నుంచుకొని పంపునపుడు, ప్రతిదినమును నడిపింపుడని కూడ చెప్పిరి.

ఇంటికి వచ్చిన పిదప ఆ నడకమాట నెవరును చెవిని పెట్టలేదు. చూడవచ్చిన బంధువులందఱిది ఒకటే తీర్పు: పెద్దావిడ మంచము దిగరాదు. వేకువను తులసికోట చుట్టు చేయు ప్రదక్షిణములు మాన్పించిరి. సాయంకాలము కాలువగట్టు వెంట రామాలయమునకు పోవుట మాన్పించిరి. మా ఆడుబిడ్డ తల్లి యనిన ప్రాణమిడునది. నన్ను చాటునకు పిలిచి అడిగెను: "వదినా, గొట్టంలో అడ్డం పడ్డప్పుడు నీళ్లు జోరుగా తోలితే గొట్టం పగులుతుందా, బాగుపడుతుందా? నువ్వే చెప్పు."

ప్రశ్న మంచిదే. నాయొద్ద సమాధానము లేకపోయెను. అంతకు ముందే నన్ను వేధించుచున్న ప్రశ్న మఱియొకటి యుండెను. అత్తగారి నెత్తురంతయు ఒక్కటే గదా. అందలి చక్కెరయు క్రొవ్వును కాలివ్రేలికడ నెట్లో మెడకడ నట్లే. మఱి గార ఆ చీలికకడనే యేల పట్టవలెను? డాక్టరుగారి నడుగగా వారు చీటివెనుక పంగలకఱ్ఱవంటి బొమ్మ గీసి, ఒక మూల చుక్కలు పెట్టి, "అక్కడ నెత్తురు గోడని సరిగ్గా ఒరుసుకుంటూ పోదమ్మా, అందుకు" అని చెప్పి తరువాతి రోగిని పిలిచిరి. ఆ చీటిని దగ్గఱ నుంచుకొని, మా వారిచే పుస్తకములు తెప్పించుకొని, తెలియనిచోట వారి నడుగుచు నెలదినములు చదివితిని.

బాల్యమున మా తండ్రిగారు నాకు సంస్కృతము చెప్పునపుడు, శరీరములోని త్రోవలకు గల మూడు పేర్లను చరకసంహిత యెట్లు విడమర్చినదో బోధించిరి. కొట్టుకొనునది ధమని, స్రవించునది స్రోతస్సు, పాఱునది సిర. మూడును క్రియలనుండి పుట్టిన పేర్లే. గొట్టమను భావము ఒక్కదానియందును లేదు. ఆడుబిడ్డ గొట్టమనగానే నాకది స్మరణకు వచ్చెను. గొట్టము తనలో నేమి పాఱుచున్నదో యెఱుగదు. ధమని యెఱుగును.

ఎఱుగునది దాని లోపలి పొర. గుండె లోపలినుండి, వెండ్రుకకంటె సన్నని నాళముల చివఱివఱకు, నెత్తురు తగులు ప్రతిచోటను ఒక్క కణము మందము గల పొర పఱచబడియున్నది. బండలు పఱచిన గచ్చువలె కణము ప్రక్క కణము ఒదిగియుండును. శాస్త్రజ్ఞులు చిరకాలము దానిని మిఠాయికి చుట్టిన పలుచని కాగితమువలె నెంచి, దానికి వేఱు పని గలదని తలపలేదు.

నెత్తురు తన త్రోవను తానే తీర్చుకొనుననుటకు తొలి యానవాళ్లలో నొకటి కోడిగ్రుడ్డులో దొరకినది. పొదిగిన గ్రుడ్డులో రెండవదినముననే పిల్లగుండె కొట్టుకొన నారంభించును. అప్పటికి పచ్చసొనపై నెత్తురుత్రోవలు వలవలె అల్లుకొనియుండును. ఏది పెద్దదగునో, ఏది చిన్నదగునో చెప్ప వీలులేదు. రిచర్డు థోమా యను జర్మను పండితుడు ఆ వలను ఓపికతో పరిశీలించి 1893లో ప్రకటించినదేమనగా, నెత్తురు వడిగా పాఱు పోగులు వెడల్పై పెద్దత్రోవలగును. మందగించిన పోగులు సన్నగిల్లి మాసిపోవును. పొలమునకు అడ్డముగా కాలిబాట పడుటయు నిట్లే గదా! నడచినకొలది బాట, నడవకున్న గడ్డి.

అయినచో ప్రవాహమును గోడ కనిపెట్టుట యెట్లు? నెత్తురు గోడపై రెండు విధముల బలము చూపును. ఒకటి గోడను వెలుపలికి నెట్టు ఒత్తిడి. డాక్టరు చేతికి పట్టీ కట్టి కొలుచునది అది. రెండవది గోడవెంట ముందునకు ఈడ్చు ఒరపిడి. కాలువలో దిగి నీటివాలున అఱచేయి నుంచినచో, నీరు చర్మమును మెల్లగా లాగికొనిపోవుచున్నట్లు తోచును, అదియే యిది. 120 అని మనము చెప్పుకొను రక్తపుపోటు, ఒక మీటరు అఱువది సెంటీమీటర్ల యెత్తు నీటి బరువునకు సమానము. అనగా మన నిలువెత్తు నీరు. ఆరోగ్యముగానున్న ధమనిలోని ఒరపిడి, మిల్లీమీటరులో ఆఱవవంతు మందము గల నీటిపొర బరువుపాటి. వాకిలి కడిగిన పిదప బండమీద నిలుచు తడి. మొదటిదానిలో రెండవది సుమారు 10 వేలవ వంతు. ఇంత స్వల్పమైన దానిని పట్టుకొని లోపొర కణము తన నడవడిని దిద్దుకొనును. 1986లో లాంగిల్, ఓడొన్నెల్ అను నిరువురు కుందేటి మెడధమనిలో ప్రవాహమును తగ్గించి చూచిరి. రెండు వారములలో ధమని ఆ కొంచెపు నెత్తురునకు తగినట్లు సన్నబడెను. లోపొరను ముందే గీకివైచినచో మాత్రము సన్నబడలేదు. తెలిసికొనువారు లేనియింట వార్త వచ్చి యేమి లాభము!

ఇక చీలికకడకు వత్తము. మా యూరికి నీరిచ్చునది ధవళేశ్వరపు ఆనకట్టనుండి వచ్చు కాలువ. ఊరి తూర్పున అది రెండుగా చీలును. చీలికనడుమ ముక్కువలె పొడుచుకొనివచ్చిన గట్టుమొనకు నీరు నేరుగా తాకి విడిపోవును. అచ్చటి రాతికట్టు నున్నగా నుండును, నాచు పట్టదు. దాని కెదుటనున్న వెలుపలిగట్టుకడ నీరు తికమకపడును. ముందునకు పోయినట్లే పోయి వెనుకకు తిరుగును. గుఱ్ఱపుడెక్కయు, ఎండుటాకులును, పూజచేసి విడిచిన పూలును అచ్చటనే గిరగిర తిరుగుచుండును. ఏటేట వేసవిలో కాలువ కట్టివేసినపుడు కూలీలు ఒండ్రుమేట తీయునదియు నచ్చటనే.

కంఠధమనియు నిట్టిదే. గొంతుకముడి పైయంచుకడ చీలి, ఒక కొమ్మ మెదడునకును, ఒక కొమ్మ ముఖమునకును పోవును. మెదడునకు పోవు కొమ్మ మొదట కొంచెము ఉబ్బి బుడ్డివలె నుండును. చీలిక మొనకడ నెత్తురు గోడను గట్టిగా ఒరుసుకొనిపోవును. బుడ్డి వెలుపలిగోడకడ మాత్రము ఒక్కొక్క గుండెపోటునకు ముందునకు కొంచెము, వెనుకకు కొంచెము ఊగిసలాడుచుండును. డాక్టరుగారు చుక్కలు పెట్టిన మూల అదియే.

ఈ విషయమున పండితులకే తొలుత ఏకాభిప్రాయము లేకుండెను. 1968లో అమెరికాలో డొనాల్డు ఫ్రై కుక్కలపై పరీక్షలు చేసి, ఒరపిడి మితిమీఱినచో లోపొర చెడునని చూపెను. చేద ఒరిసినచోట నూతిఱాయి అరుగును గదా. కావున ఒరపిడి హెచ్చైనచోటనే రోగమును పుట్టునని తలచుట సహజమే. మా ఆడుబిడ్డ తలచినదియు నదియే, ఆమెను తప్పుపట్ట పనిలేదు. కాని మఱుసటి యేడే, 1969లో, లండనులో కాలిన్ కారోయు నతని సహచరులును సరిగా ఎదురుమాట ప్రకటించిరి: గార పట్టునది ఒరపిడి తక్కువైనచోట్లనే యని. తరువాత 1983లో జారిన్స్, గిడెన్స్ మొదలగువారు మరణించినవారి దేహములనుండి తీసిన 12 కంఠధమని చీలికలలో గార యెచ్చట నెంత మందమున్నదో కొలిచిరి. ఆ యాకృతిలోనే నమూనా చేసి అందు ద్రవమును పాఱించి ఒరపిడిని లెక్కించిరి. రెండు లెక్కలను ప్రక్కప్రక్కన నుంచగా, ఒరపిడి తగ్గి ఊగిసలాడుచోటనే గార దళసరిగా నుండెను. గట్టిగా ఒరయు మొనకడ గోడ శుభ్రముగా నుండెను.

సూక్ష్మదర్శినిలో చూచినచో ఈ రెండు తావుల కణములకు పోలికయే లేదట. నెత్తురు ఒక్కవైపునకు చక్కగా పాఱుచోట కణములు పొడవుగా సాగి, ఏటివాలున నిలిచిన చేపలవలె అన్నియు ఒకేదిక్కునకు తిరిగియుండును. తికమకచోట గుండ్రముగానో పలుమూలలుగానో, దిక్కులేక చెదరియుండును. శరీరమునుండి తీసి గాజుపళ్లెములో పెంచిన కణములును ఇట్లే చేయునని 1981లో చూపిరి. వానిపై ద్రవమును ఒక్కదిక్కుగా త్రిప్పగా అవియు సాగి వరుసకు వచ్చినవి. అనగా ఆ నేర్పు కణముదే. గుండె చెప్పినదియు కాదు, మెదడు చెప్పినదియు కాదు.

కణము మాఱుట సరి, మఱి గోడ యెట్లు మాఱును? గోడ కండతో చేయబడినది; లోపొర దానికి మాట చేరవేయవలెను. ఆ మాట యేదో కనుగొన్న కథ నాకు మిక్కిలి నచ్చినది. న్యూయార్కులో రాబర్టు ఫర్చ్‌గాట్ అను ఆచార్యుడు కుందేటి బృహద్ధమనిని పేలికలుగా కోసి, మందులు తగిలించి, అవి బిగియుటను వదులగుటను చూచుచుండెడివాడు. అసిటైల్‌కోలిన్ అను ద్రవ్యము తగిలిన పేలిక బిగియుచుండెను. బ్రతికియున్న జంతువునందో, అదే ద్రవ్యము ధమనిని వదులుచేయును. ఏండ్లతరబడి ఈ చిక్కు విడలేదు. చివఱకు తేలినదేమనగా, పేలికను కోయునపుడు దాని లోపలిముఖము తెలియకయే దేనికో ఒకదానికి ఒరిసి, లోపొర తుడిచిపెట్టుకొని పోవుచున్నది! జాగ్రత్తగా కోసి లోపొరను నిలుపగా పేలిక వదులయ్యెను. లోపొర లేని పేలికపై లోపొర గల పేలికను బోర్లించి, రెండును ఒకదానికొకటి తాకునట్లు కట్టగా, లేనిదియు వదులయ్యెను. అనగా లోపొరనుండి ఏదియో ఒకటి వెడలి ప్రక్కదానికి అందుచున్నది. 1980లో ఫర్చ్‌గాట్, జవాడ్జ్‌కీ దీనిని ప్రకటించిరి. మనము పప్పు కడుగుచు పొట్టుతోపాటు ఏమేమి పోగొట్టుకొనుచున్నామో అని నేను ఆ దినమంతయు ఆలోచించుచుంటిని.

అట్లు వెడలునది ఒక వాయువు, నైట్రిక్ ఆక్సైడు. కొన్ని క్షణములకంటె నిలువదు. అది తగిలిన కండ సడలి త్రోవ వెడల్పగును. నెత్తురు లోపొరను చక్కగా ఒరసినపుడెల్ల కణము ఈ వాయువును విడుచును. అది త్రోవ తెఱచుటయే కాక, నెత్తురులోని సన్నకణికలు గోడకు అంటి గడ్డకట్టకుండ కాపాడును, తెల్లకణములను అంటనీయదు. గుండెనొప్పివారు నాలుకక్రింద నుంచుకొను నైట్రోగ్లిసరిన్ మాత్ర శరీరములో నిచ్చునదియు ఈ వాయువునే. ఈ విషయమునకై ఫర్చ్‌గాట్, ఇగ్నారో, మురాద్ మువ్వురకును 1998లో నోబెలు బహుమాన మిచ్చిరి. నైట్రోగ్లిసరిన్‌తో డైనమైటు చేసి ధనము గడించిన ఆల్ఫ్రెడు నోబెలుకు కడపటి దినములలో గుండెజబ్బునకు వైద్యులు దానినే వ్రాసి యిచ్చిరట!

ఒరపిడిని కణము ఏ యవయవముతో కనిపెట్టునన్న ప్రశ్నకు ఒక్క సమాధానము లేదు. కణపు పైముఖమున చక్కెరజాతి పదార్థముతోనైన నూగు కలదు. ప్రవాహమునకు అది వంగును. కణములను ఒకదానికొకటి కుట్టియుంచు కుట్లును ఆ యీడ్పును తెలిసికొనును. ఇవికాక, లాగినపుడు తెఱచుకొను సన్నని ద్వారములు కణపుగోడలో నున్నవి. బేరూతులో పుట్టి అమెరికాలో పనిచేయుచున్న ఆర్డెమ్ పటపూటియన్ బృందము 2010లో వానిని కనుగొని పియెజో అని పేరిడెను. ఆయనకు 2021లో నోబెలు బహుమానము పంచియిచ్చిరి. ఈ ద్వారములలో నొకజాతి లేకుండ చేసిన యెలుకపిండములలో నెత్తురుత్రోవలు సరిగా నేర్పడక, పిండములు గర్భముననే నశించినవని 2014లో వెల్లడించిరి.

తికమకచోటి కణము సంగతి వేఱు. దిక్కు తెలియని ఒరపిడితో అది ఆ వాయువును తగినంత విడువదు. కుట్లు వదులగును. నెత్తురులోని చెడుకొలెస్టరాలు ఆ సందులలోనుండి గోడలోనికి జొఱబడును. కణము తనంతట తానే తెల్లకణములకు కొక్కెములు చాచి లోనికి రానిచ్చును. అవి క్రొవ్వును మ్రింగి మ్రింగి నురుగువలె ఉబ్బి అచ్చటనే పడియుండును. గారకు మొదలు అదియే. ప్రవాహ మొక్కటియే రోగము తెచ్చునని మాత్రము అనుకొనకుడు. మనలో ప్రతివారికిని మెడలో చీలిక కలదు. అందఱికిని గార మూసికొనదు. కొలెస్టరాలు, పోటు, చక్కెర, పొగత్రాగుట రోగమును తెచ్చును. ఎచ్చట దిగవలెనో చెప్పునది ప్రవాహము. అందుచే అత్తగారి మాత్రలు ఒక్కపూటయైనను మానలేదు.

ఇంతవఱకు చదివి ఆడుబిడ్డకు చెప్పగా, ఆమె అంతయు విని, "కుందేళ్లూ కుక్కలూ సరే వదినా, మనిషి సంగతి?" అనెను. అందుకును జవాబు దొరకినది, ఆమె యింటిలోనే. ఆమె మఱదికి మూత్రపిండములు చెడి వారమునకు మూడుమాఱులు డయాలిసిస్ చేయుచున్నారు. మొదలిడుటకు ముందు అతని మణికట్టుకడ ధమనిని ప్రక్కనున్న సిరతో కలిపి కుట్టిరి. ఈ ఉపాయమును 1966లో న్యూయార్కులో బ్రెషియా, చిమినో మొదలగు వైద్యులు ప్రకటించిరి. సిర పుట్టుకతో మెత్తని త్రోవ. దానిలో నెత్తురు నిదానముగా పాఱును. ధమని దూకుడంతయు ఒక్కసారి దానిమీద పడినది. పగిలెనా? దినదినమును వెడల్పై గోడ దిటవెక్కినది. ఆఱు వారములకు 6 మిల్లీమీటర్ల వెడల్పు, నిమిషమునకు 600 మిల్లీలీటర్ల నెత్తురు ఉండవలెనని డయాలిసిస్ వైద్యుల కొలత. ఆ చేతిపై వ్రేలుంచినచో తంబురతీగ మీద నుంచినట్లు జుమ్మని మ్రోయును. ఆడుబిడ్డ స్వయముగా నెన్నిమాఱులో పట్టి చూచినది. "ఆ చెయ్యి పగలలేదు గదమ్మా" అంటిని. ఆమె కొంతసేపు మాటాడలేదు. ఆ కుట్టునకు దగ్గఱ, నెత్తురు సుడి తిరుగుచోట, లోపల దళసరెక్కి మూసికొనుటయు కలదు. అతనికి ఒకమాఱు అట్లే మూసికొనగా మరల తెఱపించిరి. ఆ సంగతి నేనెత్తకమునుపే ఆమెయే యెత్తి, "అది కూడా ఈ చీలిక గొడవేనా?" అని యడిగెను. అవుననుటకు నాకు సంతోషమయ్యెను.

నడకనుగూర్చి మనుష్యులయందు చేసిన పరీక్షలును కలవు. ముంజేతికి పట్టీ బిగించి 5 నిమిషములు నెత్తురు నాపి, ఒక్కమాఱు విడిచినచో ప్రవాహము ఉఱికి వచ్చును. అపుడు మోచేతిపైనున్న ధమని ఎంత వెడల్పగునో అల్ట్రాసౌండుతో కొలుతురు. లోపొర ఆరోగ్యముగా నున్నచో సామాన్యముగ నూటికి 5 మొదలు 10 వంతుల వఱకు వెడల్పగును. 1992లో లండనులో సెలెర్‌మేజర్ మొదలగువారు ఇట్లు కొలిచి, పొగత్రాగువారియందును, పుట్టుకతో కొలెస్టరాలు హెచ్చుగా గల పిల్లలయందును ఆ వెడల్పు తగ్గియుండుటను చూపిరి. చూచుటకు ఏ రోగమును లేని పిల్లలు! 2015లో అమెరికాలోని ఇండియానా విశ్వవిద్యాలయమున యువకులను మూడుగంటలు కదలక కూర్చుండబెట్టగా, కాలిధమని ఈ విధముగా వెడల్పగు శక్తి సన్నగిల్లెను. గంటకు ఒకమాఱు 5 నిమిషములు మెల్లగా నడచినవారికి సన్నగిల్లలేదు. వారు పడుచువారు, మా అత్తగారు ముసలివారని మీరనవచ్చును. జర్మనీలో లైప్‌జిగ్ వైద్యులు 2000లో ప్రకటించిన పరీక్ష గుండెధమనులలో గార పట్టిన రోగులయందే చేసినది: నాలుగు వారముల వ్యాయామముతో వారి ధమనుల లోపొర పని మెఱుగుపడెను. గార కరగెనని వారనలేదు, నేనును అనను. ఉన్న గార చుట్టునున్న కణములు, ఇంకను గార పట్టని తావులలోని కణములు కొంత తేఱుకొనునన్నంతవఱకే.

మా వారు ఈ పరీక్షల నన్నిటిని భోజనమువేళ బిగ్గఱగా చదువుచు, మఱియొకటి బయటపెట్టిరి. 2016లో మిస్సోరి విశ్వవిద్యాలయమున 11 మంది పడుచువారిని మూడుగంటలు కూర్చుండబెట్టి, ఒక కాలిని నిమిషము ఊపి నాలుగు నిమిషములు ఆపునట్లును, రెండవకాలిని కదల్చకుండునట్లును నియమించిరి. కదలని కాలి ధమని శక్తి తగ్గెను. ఊపిన కాలిది తగ్గకపోగా హెచ్చెను. మా చిన్నవాడు ముద్ద చేతనే నిలిపి నాయనమ్మవంక చూచెను. కూర్చుండి కాళ్లూపినచో లక్ష్మి నిలువదని వానికి ఆమె వేసిన మొట్టికాయలకు లెక్కలేదు. "అమెరికాలో లక్ష్మి సంగతి నాకు తెలీదు, ఈ ఇంట్లో మాత్రం ఊపడానికి వీల్లేదు" అని ఆమె తేల్చివేసిరి.

డాక్టరుగారిని మరల ఫోనులో అడిగి, ఎంతసేపు, ఎంత మెల్లగా నడవవలెనో, ఏ గుర్తు కన్పించినచో ఆపవలెనో వ్రాసికొంటిమి. మీలో నెవరింట నిట్టి రోగి యున్నను, నా వ్రాతను చూచి కాక మీ వైద్యుని అడిగియే నడిపింపుడు. మొదటి దినమున తులసికోట చుట్టు అయిదు ప్రదక్షిణములు. ఆడుబిడ్డ వెంట నడచుచు చేయి పట్టుకొనబోగా, "నేను పడను గాని, నువ్వు నా చీర తొక్కకు" అనిరి. పండ్రెండవనాటికి రామాలయము వఱకు పోయివచ్చిరి. దారిలో కాలువ చీలికకడ ఒక క్షణము నిలిచి ఆ వెలుపలిగట్టునకేసి చూచిరట, "ఇదేనుటే నా మెడలో ఉన్నది?" అని కూతురి నడిగిరట.

ఆఱు నెలలకు మరల స్కానింగునకు రమ్మన్నారు. నిన్న సాయంకాలము చిక్కుడుకాయలు మరల ఆమె ముందునకే వచ్చినవి. పీటమీద కూర్చుండి, కాళ్లు చాపుకొని, ఈనెలు తీయుచుండగా ఆమె కుడికాలి బొటనవ్రేలు చీరకుచ్చెళ్లక్రింద మెల్లగా కదలుచుండుటను చిన్నవాడు పసికట్టి, "నాయనమ్మా!" అనెను. ఆమె పళ్లెమును వానివైపునకు జరిపి, "ఏం, నువ్వు తీస్తావా?" అనిరి.